కొండమీద వేణ్నీళ్ళ లెక్క

చలికాలంలో లంబసింగి ప్రయాణం కట్టేవాళ్ళకు మంచు చూడాలన్న ఉబలాటం ఎంతో, తెల్లారాక స్నానం మాటేమిటన్న బెంగా అంతే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల లోపుకు జారడం వింతేమీ కాదు. టెంట్లు అద్దెకిచ్చేచోట మరుగుదొడ్డీ ఉంటుంది, కుళాయీ ఉంటుంది. ఆ కుళాయి కింద చెయ్యి పెడితే మాత్రం వేళ్ళు కొంకర్లు పోతాయి. ముఖం కడుక్కోవడమే గండం, ఇక తలస్నానం సంగతి చెప్పాలా! కార్తీకమాసంలో గోదాట్లో మూడు మునకలేసి వచ్చే పెద్దవాళ్ళు పక్కనుంటే మనల్ని చూసి నవ్వుతారేమో గానీ, ఆ గుండెనిబ్బరం అందరికీ ఉండదు.

ఈ బెంగను సొమ్ము చేసుకునే సరుకు ఇప్పుడు బజార్లో బోలెడుంది. ఎండలో పరిచే నల్ల సంచి, కాలితో తొక్కి గాలి కొట్టే తిత్తి, బకెట్లో పడేసే యూఎస్‌బీ పంపు, సిలిండరుకు తగిలించే చేతిపెట్టె గీజరు, బ్యాటరీతో నీళ్ళు కాచే యంత్రం. వెల వందల్లో మొదలై వేలల్లో తేలుతుంది. చాలావాటి మీద ‘నిమిషానికి ఇన్ని లీటర్లు’ అన్న అంకె పెద్దక్షరాలతో ఉంటుంది. కొనేవాళ్ళ చూపు ముందు దాని మీదే పడుతుంది. నిజానికి నీళ్ళను ధారగా పారించడం కష్టమూ కాదు, ఖర్చూ కాదు. ఖర్చంతా వేడిదే. ఈ రెంటికీ తేడా ఎంతో తెలిస్తే సగం బేరం అక్కడే తేలిపోతుంది.

పొదుపుగా పోసుకుంటే ఒక మనిషికి పది లీటర్లు సరిపోతాయి. కొండమీద నీళ్ళు పదిహేను డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది నలభై. పాతిక డిగ్రీలు పెంచాలన్నమాట. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ కావాలి. జౌళ్ళలో చెబితే 4,186. పది లీటర్లకు, పాతిక డిగ్రీలకు 250 కిలోకేలరీలు, అంటే పది లక్షల జౌళ్ళ పైచిలుకు. కరెంటు మీటరు లెక్కలో 290 వాట్-గంటలు. మరి అవే పది లీటర్లను రెండు మీటర్ల ఎత్తుకు, అంటే తల మీదికి చేర్చడానికి? రెండొందల జౌళ్ళు చాలు. అయిదు వేల రెట్లు తేడా! నీళ్ళను పాతిక డిగ్రీలు కాచే శక్తితో ఆ బకెట్‌ను నిట్టనిలువుగా పది కిలోమీటర్లు, ఎవరెస్టు శిఖరం కంటే ఎత్తుకు లేపొచ్చు. 1840లలో జేమ్స్ జూల్ నీళ్ళ పాత్రలో తెడ్లు అమర్చి, కిందికి దిగే బరువులతో వాటిని తిప్పించి, ఆ తిప్పుడుకు నీళ్ళు ఎంత వేడెక్కుతాయో కొలిచాడు. బరువులు మళ్ళీ మళ్ళీ పైకి చుట్టి దింపినా థర్మామీటరు డిగ్రీలో కొంత భాగం మాత్రమే కదిలేది. మన బకెట్ కథ కూడా అదే.

యూఎస్‌బీ పంపు నాలుగు వందల రూపాయలకైనా, రెండు వేలకైనా పని బాగానే చేయడానికి కారణం ఇది. నిమిషానికి మూడు లీటర్లు తల మీదికి ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం ఒక్క వాటు చాలు. పంపు ఎంత నాసిరకమైనా ఐదారు వాట్లతో ఆ పని నెట్టుకొచ్చేస్తుంది. బ్యాటరీతో నీళ్ళు కాచే యంత్రం సంగతి వేరు. ఫోన్లకు వాడే పదివేల మిల్లీయాంపియర్-గంటల పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్-గంటలు. ఒక్క బకెట్‌కు అలాంటివి ఎనిమిది ఖాళీ చెయ్యాలి. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించుకుంటాం అంటారా? దాని ఫ్యూజు మామూలుగా పది, పదిహేను యాంపియర్లు. పన్నెండు వోల్టుల మీద నూటయాభై వాట్లు లాగినా బకెట్ కాగడానికి రెండు గంటలు. ఐదువందల వాట్-గంటల పెద్ద బ్యాటరీ పెట్టె మోసుకెళితే ఒక స్నానం పూర్తిగా, రెండోది సగం అవుతుంది. పంపుకు బ్యాటరీ, కాచడానికి నిప్పో ఎండో: ఇది గట్టిగా చెప్పదగ్గ మాట. బ్యాటరీ గీజరు అని కనిపిస్తే పక్కకు పెట్టేయండి.

ఎండ ఉచితం. నల్ల పీవీసీ సంచి ఇరవై లీటర్లది, నేల మీద పరిస్తే పావు చదరపు మీటరు చోటు ఆక్రమిస్తుంది. మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. సంచి మీద పడేది 250. అందులో సగం నీళ్ళకు దక్కిందనుకున్నా, ఇరవై లీటర్లు ఇరవై డిగ్రీలు పెరగడానికి మూడున్నర గంటల పైనే. గండికోటలో పెన్నా లోయ అంచున టెంటు వేసుకున్నవాళ్ళకు ఇది బంగారం. అక్కడి బండరాయి కూడా వేడెక్కి కింది నుంచి సాయం చేస్తుంది. లంబసింగిలో చిక్కు వేరు. పొద్దున మంచు విడిచేసరికే ఆలస్యమవుతుంది, సంచి కాగేది మూడింటికి, మనకు స్నానం కావాల్సింది ఆరింటికి. మధ్యాహ్నం కాగిన సంచిని రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి అది కుళాయి నీళ్ళతో సమానం. దానికి విరుగుడు కూల్‌డ్రింకులు పెట్టుకునే ఐస్‌బాక్సు. చల్లదనాన్ని పోనివ్వని థర్మోకోల్ గోడ వేడినీ పోనివ్వదు. దానికి రెంటికీ తేడా తెలియదు. లేదా నాలుగింటికే స్నానం ముగించుకోవాలి. పొద్దున్నే పోసుకోకపోతే దినం గడవదనుకునే మనవాళ్ళకు ఈ రెండో సలహా మింగుడుపడదని తెలుసు.

సంచి కొనేటప్పుడు ఒకటి గమనించాలి. నింపితే అది ఇరవై కిలోలు. తల మీదికి ఎత్తి కొమ్మకు కట్టాలంటే ఇద్దరు కావాలి, కొమ్మా గట్టిది కావాలి. ధార వేగం సంచిలో నీటిమట్టానికీ షవర్ మూతికీ మధ్య ఉన్న ఎత్తును బట్టి ఉంటుంది. మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో పదోవంతే. అరమీటరు ఎత్తున వేలాడదీసి ‘ధార సన్నగా ఉంది’ అని తిట్టుకుంటే తప్పు సంచిది కాదు.

ఇక నిప్పు. కిలో ఎల్పీజీ మండితే సుమారు 46 మెగాజౌళ్ళు. మన బకెట్‌కు కావాల్సింది ఒకటి. నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళకు చేరితే ముప్పై గ్రాముల లోపు గ్యాసుతో స్నానం అయిపోతుంది. ఎనిమిది పవర్ బ్యాంకులు ఒకవైపు, నాలుగు చెంచాల ద్రవం ఒకవైపు. ఇంధనం ఎంత చిక్కటి శక్తో ఇంతకంటే తేలిగ్గా తెలియదు. ఎటొచ్చీ ఆ ‘నూటికి ఎనభై’ ఊరికే రాదు. ఇంట్లో వాడే గ్యాసు పొయ్యికి మన ప్రమాణాలు అడిగేది కనీసం 68 శాతం. అదీ గాలి వీచని వంటింట్లో. కొండమీద ఈదురుగాలిలో మంట పక్కకు వాలిపోతుంటే అందులో సగం కూడా దక్కదు. ఏ కొత్త గీజరూ కొనకుండా పొయ్యి చుట్టూ రేకు అడ్డు, గిన్నె మీద మూత పెట్టినా ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. అయితే సిలిండరు ఆ రేకు లోపల ఉండకూడదు. వేడి తగిలితే ప్రమాదం.

పూర్వం పెరట్లో ఉండే రాగి బాయిలరులో నడుమ గొట్టం ఉండేది. బొగ్గులు, పుల్లలు అందులో మండేవి. నీళ్ళు చుట్టూతా ఉండేవి. అడుగున ఒక్కచోట కాకుండా గొట్టం పొడవునా వేడి నీళ్ళలోకి దిగేది. ఐర్లాండు కెల్లీ కెటిల్ అనే నీళ్ళు కాచే పాత్రలో ఉన్నదీ ఈ కిటుకే. రాగి కాబట్టి తొందరగా కాగుతుందని అందరూ అనేవాళ్ళు. ఆ మాట సగమే నిజం. రాగి స్టీలు కంటే ఎన్నో రెట్లు బాగా వేడిని ప్రవహింపజేస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ పలచని రేకు దాటడం వేడికి ఎప్పుడూ అడ్డంకి కాదు. అసలు అడ్డంకి మంటకూ లోహానికీ మధ్య: లోహాన్ని ఆనుకుని నిలిచే పలచని గాలి పొర. దాన్ని గెలవాలంటే మంట తాకే వైశాల్యం పెంచాలి. గ్యాసు గీజర్లలో గొట్టం చుట్టూ దగ్గర దగ్గరగా కనిపించే రేకుల వరసకు అర్థం అదే. ఆ రేకుల కొసల దాకా వేడి పరుగెత్తాలి కాబట్టి అక్కడ మాత్రం రాగి తన విలువ చూపిస్తుంది. మామూలు గిన్నె కోసం రాగికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. వెడల్పాటి అడుగు చూసుకుంటే చాలు.

సిలిండరుకు తగిలించే చేతిపెట్టె గీజరు ఈ సరుకులన్నిటిలోకీ దర్జా అయినది. కుళాయి తిప్పగానే వేణ్నీళ్ళు. పెట్టె మీద ‘10 కిలోవాట్లు, 6 లీటర్లు’ అని ఉందనుకోండి. పది కిలోవాట్లలో నీళ్ళకు చేరేది ఎనిమిది. నిమిషానికి ఆరు లీటర్లు పారిస్తే నీళ్ళు పెరిగేది పంతొమ్మిది డిగ్రీలు, అయిదైతే ఇరవైమూడు, మూడైతే ముప్పైఎనిమిది. విశాఖ బీచ్ దగ్గర పాతిక డిగ్రీల నీళ్ళకు ఆరు లీటర్ల ధార భేషుగ్గా ఉంటుంది. లంబసింగిలో పదీ పన్నెండు డిగ్రీల నీళ్ళు లోపలికి పోతే ఆ ఆరు లీటర్లూ ముప్పై దగ్గర, గోరువెచ్చన అనడానికి కూడా లేకుండా వస్తాయి. ధార తగ్గించుకోవాలి. అందుకే లీటర్ల అంకె ఒక్కటే చూసి కొనడం దండగ. ఎన్ని కిలోవాట్లు, ఎన్ని డిగ్రీల పెరుగుదలకు ఆ లీటర్లు చెప్పారు, ఈ రెండూ అడగాలి. రెండో ప్రశ్నకు అమ్మేవాడు తడబడితే అంకె ఉత్తుత్తిదే.

ఈ గీజరులో నీటి ఒత్తిడితో కదిలే రబ్బరు పొర ఒకటుంటుంది. తగినంత వేగంతో నీళ్ళు వస్తేనే అది వంగి చిన్న స్విచ్చిని నొక్కుతుంది. అప్పుడు టిక్ టిక్ టిక్ మని నిప్పురవ్వ, గ్యాసు, భగ్గున మంట. నీళ్ళు లేకుండా గొట్టం మాడిపోకుండా ఇది కాపలా. దీని మూలంగానే యూఎస్‌బీ బుల్లి పంపు తగిలించినవాళ్ళకు గీజరు ఉలకదు పలకదు. ఆ టిక్ టిక్ వినపడలేదంటే గీజరు పాడైనట్టు కాదు, పంపు చాలనట్టు. పన్నెండు వోల్టుల పెద్ద పంపు కావాలి. ఇంకో సంగతి. నీళ్ళు పొదుపు చేయాలని సబ్బు రుద్దుకునే లోపు ధార ఆపుతాం. మంట ఆరుతుంది గానీ రాగి గొట్టంలో వేడి ఆరదు. అందులో నిలిచిన నీళ్ళు ఇంకా కాగుతూనే ఉంటాయి. మళ్ళీ తిప్పగానే ముందు సలసలకాగే ఒక గుక్క, వెనకే మంట అందుకునే లోపు చన్నీళ్ళ గుక్క, ఆ తర్వాతే సమంగా వస్తాయి. మొదటి గుక్కను నేల మీదికి వదిలి తర్వాత తల పెట్టాలి. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు కొలిచి చూపిన దాని ప్రకారం, 44 డిగ్రీల దగ్గర చర్మం కాలడానికి గంటలు పడుతుంది. 60 దగ్గర అయిదు సెకన్లే. పిల్లల స్నానానికి ఈ గీజరు వాడితే నీళ్ళు బకెట్లోకే పట్టండి, ఒంటి మీదికి వద్దు.

చలిలో సిలిండరూ మొరాయిస్తుంది. లోపలున్నది ద్రవం, మండాలంటే అది ఆవిరవ్వాలి. బ్యూటేను సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది, ప్రోపేను మైనస్ 42 దగ్గర. చిన్న పొయ్యిలకు పెట్టే 230 గ్రాముల డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేనే. మూడు నాలుగు డిగ్రీల చలిలో దాని ఒత్తిడి బయటి గాలి కంటే కాస్తే ఎక్కువ. పైగా ఆవిరవుతున్న ద్రవం తన వేడిని తానే లాక్కుంటుంది. కాసేపు మండగానే డబ్బా మీద చెమట పట్టి, వేలితో తాకితే జివ్వుమంటుంది. మంట చిన్నబోతుంది, ఊపితే గలగలమంటుంది, ‘గ్యాసుంది కదా’ అని తల గోక్కుంటాం. రాత్రి డబ్బాను రగ్గులో చుట్టిపెట్టుకుంటే పొద్దున కాస్త నయం. గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టొచ్చు. నిప్పు మీద మాత్రం చూపించకూడదు. ప్రోపేను కలిసిన సిలిండరుకు ఈ బాధ తక్కువ. అమెరికాలో స్టేటు పార్కులకు కారేసుకుపోయే మనవాళ్ళకు దొరికే పచ్చ డబ్బాలు ప్రోపేనువి కాబట్టి వాళ్ళకు ఈ తిప్పలు లేవు. వాళ్ళు సూట్‌కేసులో పెట్టి తెచ్చే గీజర్లతోనే ఇక్కడ తంటా: బిగింపులు కలవవు, రెగ్యులేటరు కలవదు. టేపు చుట్టి, క్లిప్పు బిగించి సర్దుబాటు చేసే వ్యవహారం కాదిది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంటికి కనపడనిది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండటానికి పన్నెండు ఘనమీటర్ల పైగా గాలి కావాలి. స్నానానికి నిలబెట్టే నిలువు టెంటులో ఉండే గాలి మూడు ఘనమీటర్లు. పది కిలోవాట్ల గీజరు గంటకు ముప్పావు కిలో పైగా గ్యాసు తాగుతుంది. ఆ టెంటులో గాలినంతా పావుగంట, ఇరవై నిమిషాల్లో పీల్చేస్తుంది. గాలి పలచబడటం మొదలవగానే మంట కార్బన్ మోనాక్సైడు వదలడం మొదలెడుతుంది. దీనికి వాసన లేదు. ఎల్పీజీకి ఉన్నట్టు మనం తెలుసుకోవడానికి కలిపిన కంపూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆపైన స్పృహ తప్పడం. మూసిన స్నానాలగదుల్లో గ్యాసు గీజర్ల వల్ల పోయినవాళ్ళ వార్తలు మన దేశంలో చలికాలంలో వస్తూనే ఉంటాయి. గీజరు ఎప్పుడూ టెంటు బయటే. లోపలికి రావాల్సింది నీళ్ళ గొట్టం ఒక్కటే. వానైనా సరే, చలైనా సరే.

ఇంతకీ ఏది కొనాలి? నలుగురైదుగురి కుటుంబం, కారు, రెండు రాత్రుల మకాం అయితే నా ఓటు అన్నిటికంటే పాత పద్ధతికే. వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడు. మూడు లీటర్లు మరిగించి ఏడు లీటర్ల చన్నీళ్ళలో తొరిపితే పది లీటర్లు నలభై డిగ్రీలకు వస్తాయి. మూడు లీటర్ల గిన్నె ఎలాగూ వంటకు తీసుకెళతాం. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. లంబసింగిలో ఆ తేడా మూడు నాలుగు డిగ్రీలే, లెక్కలోకి రాదు. లేహ్‌లో, మూడున్నర వేల మీటర్ల ఎత్తున, 88 దగ్గరే మరిగిపోతాయి. అక్కడి నీళ్ళు అయిదు డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి పదింటిలో నాలుగు లీటర్లకు పైగా మరిగినవి కావాలి. లడఖ్‌కు మోటారుసైకిళ్ళ మీద పోయే కుర్రాళ్ళు గిన్నె సైజు ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోవాలి.

తొరిపిన నీళ్ళకు షవర్ కావాలంటే యూఎస్‌బీ పంపు, లేదా మొక్కలకు మందు కొట్టే అయిదు లీటర్ల చేతిపంపు డబ్బా. గాలి కొట్టి మీట నొక్కితే చక్కని ధార. కొత్తదే కొనాలి, పురుగుమందు ఒక్కసారి పోసినది ఎన్నిసార్లు కడిగినా ఒంటికి పనికిరాదు. మరిగిన నీళ్ళు నేరుగా అందులో పోయకూడదు. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లోపలి గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. మందు చల్లే సన్నతుంపర మూతి తీసేసి పెద్ద చిల్లులది పెట్టాలి. చుక్క ఎంత చిన్నదైతే దాని బరువుకు ఉపరితలం అంత ఎక్కువ, అంత తొందరగా చల్లారుతుంది. సన్నతుంపర మూతి దగ్గర వేడిగా ఉండి భుజం చేరేసరికి చల్లబడిపోయేది అందుకే. ఆ మాటకొస్తే గజగజలాడే చలిలో మగ్గుతో దబ్బున పోసుకున్న నీళ్ళే ఒంటికి వేడిని ఎక్కువ అందిస్తాయి. షవర్ గెలిచేది నీళ్ళ పొదుపులో.

గాలి అడ్డు కూడా షవర్‌లో భాగమే. తడి ఒంటి మీద నుంచి యాభై మిల్లీలీటర్ల నీళ్ళు ఆవిరైతే ముప్పై కిలోకేలరీల దాకా పట్టుకుపోతాయి. మనం బకెట్లో పెట్టిన వేడిలో పదోవంతు పైనే. నాలుగు కర్రలు, ఒక దుప్పటి, చేతికందేలా తువ్వాలు ఉంటే కాసిని వేణ్నీళ్ళు మిగులుతాయి. ఆ దుప్పటిని వాగు ఒడ్డున కట్టకండి. సబ్బునీళ్ళు వాగుకు కనీసం అరవై మీటర్ల దూరంలో నేలలోకి ఇంకాలి. మట్టిలో కలిసిపోతుందని రాసిన సబ్బుకు కూడా కలవడానికి మట్టి కావాలి, వాగు కాదు.

పది, పదిహేను మంది బృందమై, నీళ్ళకు కరువు లేకపోతే గ్యాసు గీజరు డబ్బుకు న్యాయం చేస్తుంది. సున్నాకు దిగే చోటికి తీసుకెళితే రాత్రి పడుకునే ముందు దాని అడుగునున్న బిరడా విప్పి నీళ్ళన్నీ వంచెయ్యాలి. నీళ్ళు గడ్డకడితే నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు రాగి గొట్టం నిలువునా చీలుతుంది. చీలింది పొద్దున కనపడదు, మంచు కరిగాక కారడం మొదలయ్యాకే తెలుస్తుంది. కొనేటప్పుడు ఆ బిరడా ఉందో లేదో, పనిముట్లు లేకుండా చేత్తో తిరుగుతుందో లేదో దుకాణంలోనే విప్పి చూడండి.